ఆటో స్టార్టర్ ఆపకుండా బాయిలోకి దిగొద్దు

షేర్డ్ స్టోరేజ్ (చాలా సర్వర్లు కలిసి వాడుకునే డిస్కుల పెట్టె) అప్‌గ్రేడ్ ప్లాన్ ఏదైనా రివ్యూకి వస్తే నేను ముందు వెతికేది ఒక్క లైనే. ఆ టైమ్‌లో క్లస్టర్‌ని, అంటే ఒక సర్వర్ పోతే పనిని ఇంకోదాని మీదకి మార్చే సాఫ్ట్‌వేర్‌ని, ఎవరు ఆపుతున్నారు, మళ్ళీ ఎవరు వదులుతున్నారు. అది లేకపోతే మిగతా డాక్యుమెంట్ ఎంత బాగా రాసినా వెనక్కి పంపిస్తా. పోయిన నెల మా టీమ్‌లో ఒక తమ్ముడు పంపిన ప్లాన్ అలాగే వెనక్కెళ్ళింది, అతను ఫోన్ చేసి "అన్నా, రెండు నోడ్లున్నయి, స్టోరేజ్‌కి రెండు కంట్రోలర్లున్నయి, ఏది పోయినా రెండోది తీసుకుంటది కదా, మనం ఆపుడెందుకు" అన్నాడు. మంచి ప్రశ్నే. (నోడ్ అంటే క్లస్టర్‌లోని ఒక సర్వర్, కంట్రోలర్ అంటే స్టోరేజ్‌లో డిస్కుల్ని నడిపే యూనిట్.) ఫోన్‌లో పది నిమిషాల్లో చెప్పడం నా వల్ల కాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మాది కరీంనగర్ వైపు ఊరు. చిన్నప్పుడు మా బాయికాడ మోటర్‌కి ఆటో స్టార్టర్ ఉండేది. కరెంట్ ఎప్పుడొస్తుందో తెలీదు, రాత్రి రెండింటికి రావచ్చు, పొద్దున నాలుగింటికి రావచ్చు, అందుకని ఆటో పెట్టి పడుకునేవాళ్ళు, కరెంట్ రాగానే మోటర్ దానంతటదే నడిచేది. చాలా ఉపయోగపడే వస్తువు, ఎంతమంది రైతులకి రాత్రి నిద్ర ఇచ్చిందో. కానీ ఫుట్‌వాల్వ్‌లో చెత్త ఇరుక్కుని మా నాయన బాయిలోకి దిగాల్సి వస్తే, దిగేముందు స్టార్టర్ డబ్బా తెరిచి మూడు ఫీజులూ పీకి బనీను జేబులో వేసుకునేవాడు. స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోదా అని అడిగితే, "ఎవడన్న వచ్చి ఏస్తడు బిడ్డా, నేను లోపలున్నట్టు వానికి తెల్వదు" అనేవాడు. ఆ ఫీజులు ఆయన జేబులోనే ఉండాలి, గట్టు మీద కూడా పెట్టేవాడు కాదు.

ఆటోమేటిక్ ఫెయిలోవర్ అంటే అచ్చం ఆ ఆటో స్టార్టరే. మనం నిద్రలో ఉన్నప్పుడు సర్వర్ చచ్చిపోతే రెండోదాని మీద డేటాబేస్ లేపడానికి పెట్టుకున్నాం. లినక్స్‌లో పేస్‌మేకర్ అనే క్లస్టర్ సాఫ్ట్‌వేర్ అయినా, విండోస్ ఫెయిలోవర్ క్లస్టర్ అయినా, వీఎంవేర్ హెచ్ఏ అయినా దాని లెక్క ఒకటే, ఇక్కడ నడవకపోతే అక్కడ నడుపుతా. మరి రెండు సర్వర్లూ ఒకే స్టోరేజ్ మీద ఉన్నప్పుడు, ఆ స్టోరేజ్‌నే మనం విప్పుతున్నప్పుడు, "అక్కడ" అనేది ఎక్కడుంది? ఒకే బాయికి రెండు మోటర్లు బిగించి, బాయిలో నీళ్ళు లేనప్పుడు ఒక మోటర్ ఆపి రెండోది వేస్తే నీళ్ళొస్తాయా? క్లస్టర్‌కి ఈ తేడా తెలీదు. దానికి తెలిసింది డేటాబేస్ పలకట్లేదని మాత్రమే.

పలకనప్పుడు అది ఏం చేస్తుందో నేను ఒకసారి నిలబడి చూశాను. ఒక పెద్ద ఆసుపత్రి, పేరు అక్కర్లేదు. ల్యాబ్, ఓపీ, ఫార్మసీ అన్నీ ఒకే డేటాబేస్ మీద. రెండు లినక్స్ సర్వర్లు, పేస్‌మేకర్, వెనకాల ఐస్కజీ (నెట్‌వర్క్ మీద డిస్కులు అందించే పద్ధతి) స్టోరేజ్, ఏ, బీ అని రెండు కంట్రోలర్లు. శనివారం రాత్రి ఫర్మ్‌వేర్ (స్టోరేజ్ పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌గ్రేడ్. స్టోరేజ్ వాళ్ళ విజార్డ్‌లో డౌన్‌టైమ్ ఉండదనే రాసుంది, ముందు బీ రీస్టార్ట్ అవుతుంది, అది లేచాక ఏ రీస్టార్ట్ అవుతుంది, మధ్యలో పని రెండోది మోస్తుంది. మేము క్లస్టర్‌ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే రిస్క్ అనుకున్నాం, ఆ నిర్ణయంలో నా సంతకం కూడా ఉంది.

బీ పడుకుంది. దాని మీదున్న డిస్కులు ఏ మీదకి రావడానికి 95 సెకన్లు పట్టింది. ఆ 95 సెకన్లూ రాసేవి, చదివేవి అన్నీ క్యూలో ఆగి ఉన్నాయి, ఏదీ పోలేదు, డేటాబేస్ ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది అంతే. వదిలేస్తే 96వ సెకనుకి మామూలుగా నడిచేది, ల్యాబ్‌లో నైట్ డ్యూటీ వాళ్ళకి స్క్రీన్ ఒక నిమిషంన్నర ఆగినట్టు అనిపించేది. కానీ మా క్లస్టర్ సెట్టింగ్‌లో డేటాబేస్‌ని 15 సెకన్లకోసారి పలకరించాలి, 30 సెకన్లలో జవాబు రాకపోతే ఫెయిల్ అనాలి, ఫెయిల్ అయితే ఆపాలి, ఆపడానికి 40 సెకన్లు. డిస్క్ ఆగిపోయినప్పుడు డేటాబేస్ ఆగమంటే మాత్రం ఎలా ఆగుతుంది, అది బఫర్లు డిస్క్‌కి రాసి కదా ఆగాలి. 15, 30, 40 కలిపితే 85. ఎనభై అయిదో సెకనుకి "ఆపడం కూడా ఫెయిల్" అని తేల్చేసింది, పేస్‌మేకర్‌లో స్టాప్ ఫెయిల్ అయితే తర్వాతి మెట్టు ఫెన్సింగే, అంటే ఆ నోడ్‌ని బలవంతంగా ఆపెయ్యడం, మొదటి నోడ్ కరెంట్ పీకేసింది. ఇంకో పది సెకన్లలో స్టోరేజ్ వచ్చేది.

ఇది క్లస్టర్ తప్పు కాదు. అవతలి నోడ్ ఇంకా రాస్తుందో లేదో తెలియనప్పుడు దాన్ని చంపి గాని డిస్క్ తీసుకోకూడదు, లేకపోతే ఇద్దరూ ఒకే ఫైల్ సిస్టమ్ మీద రాసి మొత్తం పాడు చేస్తారు. ఫెన్సింగ్ తీసెయ్యమని చెప్పేవాళ్ళ మాట ఎప్పుడూ వినొద్దు. తప్పెక్కడంటే, ఆ నిర్ణయం దానికి వదిలేసిన రాత్రి సరైన రాత్రి కాదు.

ఇక్కడితో అయిపోయినా బాగుండేది. రెండో నోడ్ డిస్క్ మౌంట్ చేసింది, డేటాబేస్ క్రాష్ రికవరీ మొదలైంది. మొదటి నోడ్ రీబూట్ అయి లేచింది, కానీ అది లేచే టైమ్‌కి బీ కంట్రోలర్ ఇంకా పైకి రాలేదు, కాబట్టి బీ వైపు ఐస్కజీ లాగిన్ ఫెయిల్ అయింది, తర్వాత దాన్ని మళ్ళీ ఎవరూ ట్రై చెయ్యలేదు. అంటే మొదటి నోడ్‌కి ఇప్పుడు ఏ వైపు దారి ఒక్కటే ఉంది. విజార్డ్‌కి ఇవేమీ తెలీదు, బీ లేచింది కదా అని ఏ ని రీస్టార్ట్ చేసింది. రికవరీ మధ్యలో ఉన్న రెండో నోడ్‌కి మళ్ళీ అదే ఆగడం, అదే లెక్క, అదే ఫెన్సింగ్. పని మొదటి నోడ్‌కి వచ్చింది, దానికి డిస్కే కనపడట్లేదు.

డేటాబేస్ నిలబడేసరికి ఆదివారం పొద్దున 9:20 అయింది. నేను ఆరున్నరకి ల్యాబ్ కలెక్షన్ రూమ్ దగ్గరికి వెళ్ళాను, ఎందుకంటే వాళ్ళకి ఫోన్‌లో "ఇంకో అరగంట" అని చెప్పి చెప్పి నాకే సిగ్గేసింది. బార్‌కోడ్ స్టిక్కర్లు రావట్లేదు కాబట్టి ఒక అమ్మాయి ట్యూబుల మీద తెల్ల ప్లాస్టర్ అంటించి మార్కర్‌తో పేరు, వయసు, వార్డు నంబర్ రాస్తోంది, పక్కన నోట్‌బుక్‌లో అదే మళ్ళీ రాస్తోంది. వార్డులో ఒకే పేరున్న వాళ్ళు ఇద్దరు ఉంటే తండ్రి పేరు కూడా రాస్తోంది. బయట బెంచీ మీద ఫాస్టింగ్ షుగర్ కోసం ఏమీ తినకుండా వచ్చిన ముసలివాళ్ళు. ఒకాయన వాళ్ళావిడకి బిస్కెట్ పెట్టనివ్వమని అడుగుతున్నాడు, టెస్ట్ ఇంకా కాలేదమ్మా అని సిస్టర్ ఆపుతోంది. ఆ ప్లాస్టర్ మీద చేతిరాతలో ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే ఎవరి రిపోర్ట్ ఎవరికి వెళ్తుందో ఆలోచించండి. హై అవైలబిలిటీ అని మేము పెట్టింది లేకపోయుంటే ఆ రాత్రి నష్టం 95 సెకన్లు, రెండుసార్లు.

ఇలాంటిది మాకొక్కళ్ళకే జరిగింది కాదు. 2018 అక్టోబర్ 21న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో పాడైపోతున్న ఆప్టికల్ పరికరం మారుస్తుంటే అమెరికా తూర్పు తీరంలో వాళ్ళ నెట్‌వర్క్ హబ్‌కీ డేటాసెంటర్‌కీ మధ్య లింక్ 43 సెకన్లు తెగింది. నలభై మూడే. ఆ లోపే వాళ్ళ ఆటోమేటిక్ టూల్ డేటాబేస్ ప్రైమరీలని (రాతలు తీసుకునే ముఖ్య కాపీలని) పశ్చిమ తీరానికి మార్చేసింది, తూర్పున అప్పటికే రాసిన కొన్ని మార్పులు అక్కడికి చేరలేదు, అక్కడేమో కొత్తవి రాయడం మొదలైంది, వెనక్కి తిప్పడానికి వీల్లేకుండా పోయింది. సర్వీస్ మొత్తం మామూలు స్థితికి రావడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టిందని వాళ్ళే రాశారు. అది స్టోరేజ్ అప్‌గ్రేడ్ కాదు, కానీ జబ్బు ఒకటే, మెయింటెనెన్స్ జరుగుతుండగా చిన్న విరామం వచ్చింది, ఆటో స్టార్టర్ ఆన్‌లో ఉంది.

అందుకే నేను ఫెయిలోవర్ ప్లాన్ అంటే ముందు టైమర్ల కాగితం అడుగుతా. విడివిడిగా ఈ నంబర్లు అందరికీ తెలుసు, ఒకే కాగితం మీద రాసిన టీమ్‌లు మాత్రం నాకు చాలా తక్కువ కనిపించాయి. లినక్స్‌లో స్కజీ డిస్క్ కమాండ్ టైమౌట్, అంటే డిస్క్ జవాబు కోసం ఆగే టైమ్, డిఫాల్ట్‌గా 30 సెకన్లు. ఐస్కజీలో సెషన్ పోయాక తిరిగొస్తుందేమో అని ఆగే టైమ్ 120 సెకన్లు, మల్టీపాత్ (ఒకే డిస్క్‌కి చాలా దారులు పెట్టుకోవడం) వాడితే దీన్ని బాగా తగ్గించాలి, తగ్గించకపోతే మంచి దారి పక్కనే ఉన్నా రెండు నిమిషాలు చెడ్డ దారి దగ్గరే నిలబడతాం. వీఎంవేర్‌లో అన్ని దారులూ పోయాయని తేల్చుకోడానికి 140. ఒరాకిల్ డేటాబేస్ క్లస్టర్ రాక్‌లో నోడ్ల మధ్య మాట ఆగితే 30, ఓటింగ్ డిస్క్ (ఏ నోడ్లు బతికున్నాయో తేల్చుకునే డిస్క్) కనపడకపోతే 200. ఎస్‌బీడీ (చంపే ఆర్డర్‌ని ఒక చిన్న డిస్క్ మీద రాసి చేసే ఫెన్సింగ్) వాడేవాళ్ళకి వాచ్‌డాగ్ (పలకరింపు ఆగితే సర్వర్‌ని రీబూట్ చేసే టైమర్) డిఫాల్ట్ 5 సెకన్లే. ఇప్పుడు మీ స్టోరేజ్ కంట్రోలర్ మారడానికి 40 సెకన్లు పడుతుంది అనుకుందాం, పైన చెప్పిన వాటిలో స్టోరేజ్ మీద కన్నేసి ఉంచేవి ఏవి 40 కంటే తక్కువ ఉన్నాయో అవన్నీ ఆ రాత్రి నిర్ణయాలు తీసుకుంటాయి, మిమ్మల్ని అడగవు. లెక్క కింద నుంచి పైకి పెరుగుతూ పోవాలి, స్టోరేజ్ ఆగే టైమ్ కంటే, ఏ దారీ లేనప్పుడు మల్టీపాత్ ఆగే ఓపిక ఎక్కువ ఉండాలి, దానికంటే డేటాబేస్ మానిటర్‌ది, దానికంటే క్లస్టర్‌ది. మా ఆసుపత్రిలో తిరగబడి ఉంది, అన్నిటికంటే తొందరపడేది క్లస్టరే.

ఎస్‌బీడీ గురించి ఇంకో మాట, ఎందుకంటే ఇది చాలామందిని ముంచింది. చంపే ఆర్డర్ రాసుకునే ఆ చిన్న డిస్క్ కూడా, మీరు అప్‌గ్రేడ్ చేస్తున్న స్టోరేజ్ మీదే ఉందా చూడండి. ఉంటే, మెయింటెనెన్స్ మోడ్ పెట్టేశాం కదా అని ధైర్యంగా ఉండకండి, మెయింటెనెన్స్ మోడ్ రిసోర్సుల్ని (క్లస్టర్ నడిపే డేటాబేస్, డిస్క్ లాంటివాటిని) ముట్టుకోవద్దని పేస్‌మేకర్‌కి మాత్రమే చెప్తుంది, వాచ్‌డాగ్‌కి చెప్పదు. డిస్క్ కనపడకపోయినా క్లస్టర్ బాగానే ఉందా అని పేస్‌మేకర్‌ని అడిగి ఆగే ఆప్షన్ ఉంది, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. నేనైతే మెయింటెనెన్స్ మోడ్ పెట్టి, ఆ తర్వాత రెండు నోడ్ల మీదా క్లస్టర్ సర్వీసులే ఆపేస్తా, డేటాబేస్ దాని పాటికి అది నడుస్తూనే ఉంటుంది, క్లస్టర్ మాత్రం ఉండదు. ఫీజు జేబులో ఉన్నట్టు. జీఎఫ్ఎస్2 లాంటి, రెండు నోడ్లూ ఒకేసారి రాసే క్లస్టర్ ఫైల్ సిస్టమ్ ఉన్నవాళ్ళు మాత్రం ఇలా చెయ్యకూడదు, వాటి లాకులు నడిచేదే క్లస్టర్ మీద, అక్కడ శుభ్రంగా అన్‌మౌంట్ చేసి డౌన్‌టైమ్ తీసుకోవడమే దారి.

దీనికి గట్టిగా ఎదురు చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళ మాటలో న్యాయం కూడా ఉంది. క్లస్టర్ ఆపేసిన ఆ రెండు గంటల్లో నిజంగానే సర్వర్ మదర్‌బోర్డ్ పోతే ఏంటి అంటారు. పోతే మనిషి ఉన్నాడు. అప్‌గ్రేడ్ టైమ్‌లో లాగిన్ అయి, కాల్ మీద ఉండి, ముందే రాసిపెట్టుకున్న ఆరు కమాండ్లతో రెండో నోడ్ మీద లేపగల మనిషి. ఆటో స్టార్టర్ అవసరమైంది మనం నిద్రపోతున్నాం కాబట్టి, ఆ రెండు గంటలూ మనం నిద్రపోవట్లేదు. పైగా ఆ రెండు గంటల్లో మదర్‌బోర్డ్ పోయే అవకాశం ఎంత, కంట్రోలర్ మారేటప్పుడు డిస్కులు ఆగే అవకాశం ఎంత? రెండోది అవకాశం కూడా కాదు, ఖాయంగా జరిగేదే, కాకపోతే ఎన్ని సెకన్లు అన్నదే తేలాలి. ఖాయంగా వచ్చేదాన్ని వదిలేసి ఎప్పుడో రావచ్చేమో అన్నదానికి కాపలా పెట్టడం నాకు నచ్చదు.

కానీ ఆపేస్తే చాలు అనుకోవడం కూడా పొరపాటే. అసలు ప్లాన్ అంతా దానికి ముందు వారంలో ఉంది. కంట్రోలర్ మార్పిడి అప్‌గ్రేడ్ రోజే మొదటిసారి జరగకూడదు, ముందు వారం పగటిపూట, లోడ్ తక్కువున్నప్పుడు, క్లస్టర్ ఆపి, ఫర్మ్‌వేర్ ముట్టుకోకుండా చేత్తో ఏ నుంచి బీ కి, బీ నుంచి ఏ కి తిప్పి చూడాలి. వాచీ పెట్టి ఎన్ని సెకన్లో రాసుకోవాలి, ఆ నంబరే టైమర్ల కాగితంలో మొదట ఉండాల్సింది, వెండర్ చెప్పిన నంబర్ కాదు. అలా తిప్పేముందు ప్రతి సర్వర్ మీదా మల్టీపాత్ లిస్ట్ చూడండి, ఎనిమిది దారులు ఉన్నాయని సంబరపడితే కుదరదు, నాలుగు ఏ కి, నాలుగు బీ కి వెళ్తున్నాయా అనేది చూడాలి. ఎనిమిదీ ఒకే కంట్రోలర్‌కి పోతున్న సర్వర్ నాకు ఒకచోట దొరికింది, ఎప్పుడో కేబుల్ మార్చినప్పుడు తప్పుగా పెట్టారు, పచ్చ లైట్లన్నీ వెలుగుతున్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

లోడ్ సంగతి. రెండు కంట్రోలర్లూ చెరి 70 శాతం బిజీగా ఉంటే, ఒకటి పడుకున్నప్పుడు రెండోదాని నెత్తిన 140 శాతం పడుతుంది. అది మొయ్యదు. అది రిడండెన్సీ కాదు, రెండు కంట్రోలర్లు కొనుక్కుని రెండింటినీ పూర్తిగా వాడేసుకుంటున్నాం అంతే. పైగా చాలా స్టోరేజ్‌లు ఒక కంట్రోలర్ మీదే నడిచేటప్పుడు రైట్ క్యాష్ (రాతల్ని ముందు మెమరీలో పట్టి ఉంచడం) ఆపేసి నేరుగా డిస్క్‌కి రాస్తాయి, క్యాష్‌కి రెండో కాపీ పెట్టుకునే చోటు లేదు కదా, కాబట్టి రాయడం మామూలు కంటే బాగా నెమ్మదిస్తుంది. నైట్ బ్యాకప్, నెలాఖరు రిపోర్ట్, వైరస్ స్కాన్, ఏవి ఆ టైమ్‌లో షెడ్యూల్ అయి ఉన్నాయో చూసి ఆపుకోవాలి. మా ఆసుపత్రిలో బ్యాకప్ రాత్రి రెండింటికి, అప్‌గ్రేడ్ ఒకటిన్నరకి.

టైమ్ మాట వచ్చింది కాబట్టి చెప్తా, అర్ధరాత్రి అప్‌గ్రేడ్లకి నేను పూర్తిగా వ్యతిరేకం. అర్ధరాత్రి యూజర్లు తక్కువ ఉంటారు నిజమే, కానీ బుర్ర పనిచేసే మనుషులు కూడా తక్కువ ఉంటారు. పగలంతా ఆఫీస్ చేసి రాత్రి రెండింటికి మల్టీపాత్ అవుట్‌పుట్ చదివేవాడికి నాలుగో లైన్‌లో ఫెయిల్డ్ అని ఉన్నా కనపడదు. మూడున్నరకి ఇరుక్కుంటే మిగిలిన టైమ్ ఓపీ తెరిచేలోపు మూడు గంటలు. అదే ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే, ఓపీ ఉండదు, ఇరుక్కున్నా సోమవారం పొద్దున దాకా పదహారు గంటలుంటుంది, అందరూ తిని, నిద్రపోయి వచ్చి ఉంటారు. ఆసుపత్రి వాళ్ళతో కూర్చుని గంట గంటకీ ఎన్ని శాంపిల్స్ వస్తాయో లెక్క తీస్తే, ఆదివారం మధ్యాహ్నమే అన్నిటికంటే తక్కువ అని తేలింది. మేము అంతకుముందు అడగనే లేదు, అర్ధరాత్రి అని మాకు మేమే అనుకున్నాం.

ఇక నిజంగా డౌన్‌టైమ్ అస్సలు వద్దు అనేవాళ్ళకి నా జవాబు, ఇంకో బాయి తవ్వండి. ఫెయిలోవర్ అంటే ఇంకో సర్వర్‌కి కాదు, ఇంకో స్టోరేజ్‌కి. పోస్ట్‌గ్రెస్ స్ట్రీమింగ్ రెప్లికా, ఒరాకిల్‌లో డేటా గార్డ్, చిన్న సెటప్‌కి డీఆర్‌బీడీ, ఏదైనా సరే, డేటాకి రెండో కాపీ వేరే డిస్కుల మీద బతికి ఉండాలి. ఫర్మ్‌వేర్ ఒకసారి ఎక్కాక వెనక్కి దించడం చాలాసార్లు కుదరదు, అప్పుడు "రోల్‌బ్యాక్: పాత వెర్షన్‌కి వెళ్తాం" అని ప్లాన్‌లో రాసుకున్న లైన్‌కి విలువ లేదు. రెండో బాయి ఉంటేనే రోల్‌బ్యాక్ ఉన్నట్టు. ఖర్చు అంటారు, నిజమే ఖర్చే, కానీ దానికి మళ్ళీ అంత ఖరీదైన స్టోరేజ్ అక్కర్లేదు, ఒక మామూలు సర్వర్, దాని లోపలి ఎస్ఎస్‌డీలు చాలు, ఒక మధ్యాహ్నం మోస్తే సరిపోతుంది.

ఆ ఆసుపత్రిలో తర్వాతి అప్‌గ్రేడ్ అలాగే చేశాం. స్టాండ్‌బై సర్వర్ పెట్టి, మూడు వారాలు రెప్లికేషన్ నడిపి, ముందు ఆదివారం ఒకసారి అటు మార్చి వెనక్కి తెచ్చి చూశాం. మార్చడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది, ఆ ఎనిమిది నిమిషాలూ ఆగుతుందని ల్యాబ్‌కి, ఫార్మసీకి, ఎమర్జెన్సీకి ముందే కాగితం మీద ఇచ్చాం. అడిగినప్పుడు ఎవరూ కాదనలేదు. ఎమర్జెన్సీ మేడమ్ ఒక్కటే అడిగారు, "మొదలయ్యేముందు ఫోన్ చేస్తారా, అప్పుడు చేతిలో ఉన్న కేసు ఎంటర్ చేసేస్తాం." చేశాం. ఎనిమిది నిమిషాలు చెప్పి తీసుకుంటే మనుషులు సర్దుకుంటారు, చెప్పకుండా పోతేనే ప్లాస్టర్లు అంటించుకోవాల్సి వస్తుంది.

అప్‌గ్రేడ్ అయ్యాక క్లస్టర్‌ని వదిలే పని అన్నిటికంటే నెమ్మదిగా చెయ్యాలి, అందరూ తొందరపడేది అక్కడే. అలసిపోయి ఉంటాం, అయిపోయిందన్న సంతోషంలో మోడ్ తీసేస్తాం, పాత ఫెయిల్యూర్ కౌంట్ ఏదో మిగిలి ఉంటే క్లస్టర్ వెంటనే రిసోర్సులు అటూ ఇటూ తోసేస్తుంది. ముందు ప్రతి సర్వర్ మీదా దారులన్నీ తిరిగొచ్చాయా లెక్కపెట్టాలి, ఐస్కజీ సెషన్లు రెండు కంట్రోలర్లకీ ఉన్నాయా చూడాలి, రిసోర్సుల్ని రిఫ్రెష్ చేసి అవి ఎక్కడ నడుస్తున్నాయో క్లస్టర్‌కి మళ్ళీ కనిపించనివ్వాలి, ఇప్పుడు వదిలితే ఏం చేస్తావని సిమ్యులేట్ చేసి అడగాలి. ఏమీ కదపను అని చెప్పాకే వదలాలి. వదలడం మర్చిపోవడం ఇంకో ప్రమాదం, నాలుగు నెలలుగా మెయింటెనెన్స్ మోడ్‌లోనే ఉండిపోయిన క్లస్టర్ నేను చూశాను, అందుకే ప్లాన్‌లో ఆపేవాళ్ళ పేరు పక్కనే వదిలేవాళ్ళ పేరు, టైమ్ కూడా ఉండాలంటాను.

ఆ ఆదివారం రెండింటికి మొదలుపెట్టి, సాయంత్రం 5:40కి క్లస్టర్ వదిలాం. ల్యాబ్‌కి ఫోన్ చేసి ఒక స్టిక్కర్ ప్రింట్ చేసి చూడమన్నాను. ఆ ప్లాస్టర్ మీద రాసిన అమ్మాయే ఎత్తింది. వచ్చింది సార్, అంది. ఇంకొకటి కూడా చెయ్యమని అడిగాను.